రాత్రి రెండు గంటల పాలు: మలావిలో ఒక పాప కేసు, దాని వెనక విరాళాలు

ఈ కేసు 2024 ఫిబ్రవరి నాటిది. చోటు ఆఫ్రికా దేశమైన మలావి దక్షిణ భాగంలో, షైర్ నది దిగువ లోయలో ఉన్న ఒక మిషన్ ఆస్పత్రి. నేను అక్కడ పిల్లల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. పాప తల్లి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

మామూలుగా కేసు రాసేటప్పుడు జబ్బు, మందు, ఫలితం రాస్తాం. ఇందులో ఇంకొకటి చేర్చాను. ఏ ఘట్టంలో ఎవరి డబ్బు పనికొచ్చిందో కూడా రాశాను. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, డల్లాస్ నుంచి మనవాళ్లు ఫోన్ చేసి "డాక్టరు గారూ, పిల్లలకి ఏం పంపమంటారు? బట్టలా, పాల డబ్బాలా?" అని అడుగుతుంటారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పలేకపోతున్నాను. ఒక పాప మా వార్డులో గడిపిన రోజుల్ని వరసగా చెబితే జవాబు దానంతట అదే తెలుస్తుందని నమ్మకం.

ఆ సీజన్ సంగతి

మలావిలో ముఖ్యమైన పంట మొక్కజొన్న. కోత ఏప్రిల్‌లో మొదలవుతుంది. కిందటి పంట డిసెంబరు, జనవరి నాటికే చాలా ఇళ్లలో అయిపోతుంది. ఆ తర్వాత కోత దాకా కూలి చేస్తేనే పూట గడుస్తుంది. ఇక్కడ దాన్ని గన్యు అంటారు. ఇంకొకరి చేలో కలుపు తీస్తే డబ్బో, పిండో ఇస్తారు. తన చేలో కలుపు తీయాల్సిందీ అప్పుడే. మా వార్డు నిండేదీ అప్పుడే.

ఆ ఏడాది కష్టాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను దక్షిణ జిల్లాల్ని ముంచేసింది. అదే ఏడాది నవంబరులో కేంద్ర బ్యాంకు ఇక్కడి కరెన్సీ క్వాచా విలువను తగ్గించడంతో డాలరు ధర ఒక్కసారిగా 44 శాతం పెరిగింది. తర్వాత ఎల్ నినో వల్ల వానలు మొహం చాటేశాయి. 2024 మార్చిలో దేశంలోని 28 జిల్లాల్లో 23 జిల్లాలకు విపత్తు పరిస్థితి ప్రకటించారు. మా పాప దానికి కొన్ని వారాల ముందే వచ్చింది.

చేరిక

పంతొమ్మిది నెలల ఆడపిల్ల. తల్లి మళ్లీ గర్భవతి, ఐదో నెల. కడుపు నిలిచిందని తెలియగానే పాపకి పాలు మాన్పించేసింది. ఆ తర్వాత పాప తిన్నది దాదాపుగా ఫాలా ఒక్కటే, అంటే పల్చటి మొక్కజొన్న జావ. తండ్రి పనికోసం దక్షిణాఫ్రికా వెళ్లాడు. కొన్నాళ్లు డబ్బు పంపాడు, తర్వాత పంపలేదు. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు, అమ్మమ్మ.

సాయంత్రం వానలో తడుస్తూ కబాజా మీద, అంటే సైకిల్ టాక్సీ మీద వచ్చారు. పాప బరువు 7 కిలోలు. పొడవు 72 సెంటీమీటర్లు. జబ్బ చుట్టుకొలత 118 మిల్లీమీటర్లు. 115 కన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం అంటాం కాబట్టి టేపు ఒక్కటే చూస్తే ఈ పాప గండం దాటినట్టే లెక్క. కానీ రెండు పాదాలు, కాళ్లు, చేతులు, మొహం అన్నీ నీరు పట్టి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. తొడల మీద చర్మం నల్లబడి, పొరలుగా ఊడి, కింద పచ్చిగా కనిపిస్తోంది. జుట్టు పల్చబడి ఎర్రగా మారింది. రెండు కాళ్లలోనూ ఇలా నీరు ఉంటే టేపుతో పనిలేకుండానే అది తీవ్ర లోపం. దీన్నే క్వాషియోర్కర్ అంటాం.

వాపును చూసి బలుపు అనుకోవద్దని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఈ పాప అమ్మమ్మ మూడు వారాల కిందట "బుగ్గలొచ్చాయి, కోలుకుంటోంది" అనుకుందట. వాళ్ల ఊరికి వచ్చే ఆరోగ్య కార్యకర్త పాదాలు నొక్కి చూసి గుర్తుపట్టాడు కాబట్టి పాప మా దగ్గరికి చేరింది.

చంకలో ఉష్ణోగ్రత 34.6 డిగ్రీలు. రక్తంలో చక్కెర 41 మి.గ్రా. ఇలాంటి పిల్లల్లో 54 కన్నా తగ్గితే ప్రమాదమే. మలేరియా పరీక్ష పాజిటివ్. హిమోగ్లోబిన్ 7.1. హెచ్‌ఐవీ పరీక్ష తల్లికీ పాపకీ నెగెటివ్. పాప ఏడవడం లేదు, దేన్నీ పట్టించుకోవడం లేదు. ఏడ్చే పిల్లల కన్నా ఏడవని పిల్లల గురించే మాకు ఎక్కువ భయం.

ముక్కు గొట్టం వేసి 10 శాతం గ్లూకోజ్ 50 మి.లీ. ఇచ్చాం. తడి బట్టలు తీసేసి, టోపీ పెట్టి, తల్లి ఛాతీకి ఆనించి ఇద్దరినీ కలిపి దుప్పటి కప్పాం. ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టాం. మలేరియాకి ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇచ్చాం. మలేరియా మందులు జాతీయ కార్యక్రమం నుంచి ఉచితంగా వస్తాయి, వాటి వెనక గ్లోబల్ ఫండ్ లాంటి పెద్ద నిధులు ఉంటాయి. గ్లూకోజ్ చూసే స్ట్రిప్పులకు మాత్రం అలాంటి దారి లేదు. ఆస్పత్రి స్టోరులో అవి అయిపోయి చాలా రోజులైంది. ఆ సాయంత్రం వాడినవి విరాళం డబ్బుతో ఇక్కడి పెద్ద నగరం బ్లాంటైర్‌లో కొని తెచ్చినవి.

సెలైన్ పెట్టలేదు. మన ఊళ్లలో కూడా నీరసంగా ఉన్న పిల్లని చూడగానే సెలైన్ ఎక్కించమని అడుగుతారు. ఈ పిల్లల గుండె అంత నీటిని తట్టుకోలేదు. షాక్‌లో ఉంటే తప్ప నరంలోకి నీళ్లు ఎక్కించం. వాపు తగ్గడానికి మూత్రం మందు కూడా ఇవ్వం. ఐరన్ కూడా మొదట్లో ఇవ్వం, అప్పుడిస్తే ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. హిమోగ్లోబిన్ 4 కన్నా తగ్గితేనో, ఆయాసంతో పాటు 6 కన్నా తక్కువుంటేనో తప్ప రక్తం ఎక్కించం. మొదటి రోజు ఈ జబ్బుకు వైద్యంలో సగం భాగం చేయకూడనివి చేయకుండా ఊరుకోవడమే.

మొదటి రాత్రి

తిండి ఎఫ్-75 పాలతో మొదలవుతుంది. 100 మి.లీ.లో 75 కేలరీలు, ఒక గ్రాముకి కొంచెం తక్కువ ప్రోటీన్. ఆకలితో ఉన్న పిల్లకి ఇంత పలచటి పాలేమిటని చూసేవాళ్లకి అనిపిస్తుంది. ఒంట్లో అన్ని అవయవాలూ పని తగ్గించుకుని ఉన్న స్థితిలో ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు. ఒళ్లంతా నీరు పట్టిన పిల్లకి కిలోకి రోజుకి 100 మి.లీ. ఈ పాపకి రోజుకి 700 మి.లీ., రెండు గంటలకోసారి 60 మి.లీ. లోపు.

రెండు గంటలకోసారి అంటే రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు కూడా అందులో ఉన్నాయి. ఈ కేసులో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. తీవ్ర లోపంతో చేరి చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది మొదటి రెండు రోజుల్లో, రాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య పోతారు. ఒక పూట పాలు తప్పితే చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, రెండూ కలిసి ప్రాణం తీస్తాయి. మా లోయలో ఎండాకాలంలా ఉక్కపోసే రాత్రి కూడా ఈ పిల్లల ఒళ్లు చల్లబడుతుంది. ఒంటి మీద కొవ్వు లేదు, వేడి పుట్టించే శక్తి లేదు.

మొత్తం పిల్లల వార్డుకి రాత్రి ఒకే నర్సు. మలేరియాతో ఫిట్స్ వచ్చిన పిల్ల, ఆయాసంతో ఆక్సిజన్ మీద ఉన్న పిల్ల, రక్తం ఎక్కుతున్న పిల్ల అందరూ ఆమె చేతిలోనే. ఆమె ఎంత మంచిదైనా పాలు కలిపి, కొలిచి, గొట్టంలో పోసి, చార్టులో రాసి మళ్లీ రెండు గంటలకి తిరిగి రావడం ఆమె వల్ల కాదు. అందుకే రాత్రి పాలు ఇవ్వడానికి దగ్గర ఊళ్ల నుంచి ఇద్దరు ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి పెట్టుకున్నాం. వాళ్ల జీతం ప్రభుత్వం ఇవ్వదు, పెద్ద సంస్థల ప్రాజెక్టుల్లో ఆ పద్దు ఉండదు. ఎవరో, ఇలాగే వాడండి అని షరతు పెట్టకుండా పంపిన డబ్బుతో అది నడుస్తోంది.

ఆ రాత్రి రెండు గంటల పాలు పాప మొత్తం కక్కేసింది. పాలు ఇచ్చినావిడ దాన్ని చార్టులో రాసి, పాప చేతులు చల్లగా ఉన్నాయని గమనించి నర్సుని పిలిచింది. చక్కెర 49. వెంటనే గ్లూకోజ్, ఆ తర్వాత అరగంటకోసారి కొంచెం కొంచెంగా పాలు. తెల్లారేసరికి 72. ఉష్ణోగ్రత 36.1.

ఇంతే జరిగింది. పెద్ద మందేమీ లేదు, మిషనేమీ లేదు. మెలకువగా ఉన్న ఒక మనిషి, ఒక స్ట్రిప్పు, ఒక గిన్నెడు చక్కెర నీళ్లు. ఆ మనిషి లేకపోతే ఆ కక్కిన సంగతి ఆరు గంటలకి డ్యూటీ మారేటప్పుడు గానీ తెలిసేది కాదు.

బరువు తగ్గిన వారం

నాలుగో రోజు నుంచి వాపు దిగడం మొదలైంది. పాప రోజూ బరువు తగ్గింది. 7 కిలోల నుంచి పదో రోజుకి 5.8. జబ్బ కొలత 118 నుంచి 109కి వచ్చింది. నీళ్లు పోతే మిగిలింది అదీ, అసలు బరువు. మా లెక్కలో ఇది బాగుపడటం. తల్లి లెక్కలో మాత్రం ఆస్పత్రికి తెచ్చాక పిల్ల ఎముకల గూడైపోయింది. ఇది ముందే చెప్పకపోతే తల్లులు పిల్లని తీసుకుని వెళ్లిపోతారు. మేం చెప్పాం, కానీ ఆమె విన్నదానికన్నా పక్క మంచం మీద వాపు తగ్గి ఇప్పుడు ఆడుకుంటున్న పిల్లవాడి తల్లి చెప్పింది బాగా పనిచేసింది.

అయినా ఆరో రోజు ఆమె ఇంటికి పోతానంది. కారణం పాప కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ముసలమ్మ దగ్గర పిండి లేదు, కలుపు తీయకపోతే ఆ ఏడు కూడా పంట రాదు. మలావి ఆస్పత్రుల్లో రోగి వెంట వచ్చినవాళ్లు ఆవరణలోనే ఒక షెడ్డులో ఉండి సొంతంగా వండుకుంటారు. ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న పిండి అయిపోయింది. ఐదో నెల గర్భిణి, రోజుకి ఒక పూట తింటోంది. పాపకి ఎఫ్-75 కొలిచి పోస్తున్నాం, పక్కనే కూర్చున్న తల్లి ఆకలితో ఉంది. ఏ పెద్ద కార్యక్రమం కాగితాల్లోనూ ఆ తల్లి లేదు.

షరతులు లేని ఆ డబ్బులోంచే షెడ్డుకి మొక్కజొన్న పిండి, చిక్కుడు గింజలు, ఉసిపా అనే చిన్న చేపలు కొన్నాం. ఊళ్లో ఆరోగ్య కార్యకర్తకి ఫోన్ చేసి ఇంటికి వెళ్లి చూడమన్నాం. నాలుగేళ్ల పెద్దవాడి జబ్బ కొలత 120. అంటే ఇంకా మధ్యస్థం, కానీ పడిపోయే దారిలో ఉన్నాడు. ఆ ఇంటికి ఒక బస్తా పిండి పంపాం. ఆ మాట తెలిశాక ఆమె ఉండిపోయింది. ఈ బస్తాని వైద్యం కిందే లెక్కకట్టాలని నా అభిప్రాయం. తల్లి వెళ్లిపోయి ఉంటే మందులన్నీ వృథా.

పాలు నిండుకున్నప్పుడు

ఎనిమిదో రోజు ఎఫ్-75 అయిపోయింది. జిల్లా స్టోరులోనూ లేదు. అప్పటికి ఈ పాప రెండో రకం తిండికి మారబోతోంది గానీ, వార్డులో కొత్తగా చేరిన ఇంకొందరికి అది కావాలి. డబ్బాలో రాకపోయినా ఎఫ్-75 చేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఉంది. లీటరుకి వెన్న తీసిన పాలపొడి 25 గ్రాములు, చక్కెర 70, ధాన్యపు పిండి 35, నూనె సుమారు 30, వీటితో పాటు ఖనిజాలు విటమిన్ల మిశ్రమం. పిండి ఉంది కాబట్టి కాసేపు ఉడికించాలి. చక్కెర, నూనె, పిండి బజార్లో దొరికాయి. ఖనిజాల మిశ్రమం మా దగ్గర ఒక డబ్బా మిగిలి ఉంది. అది లేకుండా ఈ పాలు ఇవ్వకూడదు, పొటాషియం అందదు. పాలపొడి దిగుమతి సరుకు కాబట్టి క్వాచా పడ్డాక దాని ధర విపరీతంగా పెరిగింది. విరాళం డాలర్లలో వచ్చినా కలిసొచ్చేది ఇక్కడి జీతాలకే, దిగుమతి సరుక్కి కాదు.

చేతిలో నగదు ఉండటం వల్ల ఆ రోజే మనిషిని పంపి తెప్పించాం. అదే నెలలో ఒక దాతల బృందం నుంచి శిశువుల పాల డబ్బాలు వచ్చాయి. మనసు మంచిదే. కానీ ఆ పాలు ఈ జబ్బుకి సరిపోవు. శుభ్రమైన నీళ్లు, సీసా కడుక్కునే వీలు లేని ఇంటికి వెళ్తే విరేచనాలు తెచ్చిపెడతాయి. పైగా తల్లిపాలకు బదులుగా వాడే పాలను ఆస్పత్రుల్లో ఉచితంగా పంచకూడదని 1981 నాటి అంతర్జాతీయ నియమావళి, దాని తర్వాతి తీర్మానాలు ఉన్నవే ఇందుకు. వాటిని పక్కన పెట్టాల్సి వచ్చింది.

చిపోండే, ఇల్లు

పాపకి ఆకలి తిరిగొచ్చింది. ఈ జబ్బులో మందు పనిచేసిందనడానికి అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు పిల్ల నవ్వడం. పదకొండో రోజు తల్లులు నీళ్ల సీసా మూతలతో చేసిన గిలక్కాయ చూసి నవ్వింది. ఆడించడం కూడా ఈ జబ్బు వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది మెట్లలో ఒకటి, అలంకారం కాదు.

తర్వాతి తిండి ఆర్‌యూటీఎఫ్, అంటే వండకుండా నేరుగా తినిపించే వైద్య ఆహారం. వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపిన పేస్టు. 92 గ్రాముల సాచెట్‌లో 500 కేలరీలు. 1996లో ఫ్రాన్సులో ఆంద్రే బ్రియాన్, మిషెల్ లెస్కాన్ తయారుచేశారు. మన అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతం లాంటిదేగా అని అడుగుతారు. కాదు. బాలామృతం పొడి, నీళ్లు కలపాలి. ఇందులో నీళ్లే లేవు కాబట్టి క్రిములు పెరగవు, వండక్కర్లేదు, చింపి నోట్లో పెట్టడమే. దీనివల్లే వారాల తరబడి ఆస్పత్రిలో ఉండాల్సిన పని తప్పింది. ఇంటి దగ్గరే ఉంచి నయం చేసే ఈ పద్ధతిని మొదట పరీక్షించిన దేశాల్లో మలావి ఒకటి. 2007లో ఐక్యరాజ్యసమితి సంస్థలు దాన్ని అధికారికంగా ఒప్పుకున్నాయి. బ్లాంటైర్‌లో డాక్టర్ మార్క్ మనారీ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ పీనట్ బటర్ దీన్ని ఇక్కడి వేరుశనగతోనే తయారుచేస్తుంది. ఊళ్లలో అందరూ దీన్ని చిపోండే అంటారు.

పాపకి రోజుకి రెండు సాచెట్లు, తర్వాత బరువుని బట్టి పెంచాం. ఒక పెట్టెలో 150 సాచెట్లు. ఒక బిడ్డ పూర్తిగా కోలుకోవడానికి రమారమి ఒక పెట్టె, ధర 50 డాలర్లకి కాస్త అటూ ఇటూ. దాతలందరికీ తెలిసిన లెక్క ఇదే, బొమ్మ వేసి చూపించడానికి వీలైన లెక్కా ఇదే. కాదనను. కానీ ఆ మొదటి రాత్రి ఈ పాప చిపోండే మింగే స్థితిలో లేదు.

ఇంటికి పంపాక వారానికోసారి దగ్గరి ఆరోగ్య కేంద్రానికి రావాలి. మొదట వేసిన యాంటీబయాటిక్ కోర్సు వార్డులోనే పూర్తయింది. వార్డులో చేరాల్సిన పనిలేని పిల్లలకి కూడా ఏడు రోజులు అమాక్సిసిలిన్ ఇస్తాం. దానికి ఆధారం మలావిలోనే 2,767 మంది పిల్లల మీద జరిగి 2013లో అచ్చయిన పరీక్ష. మందు ఇవ్వని గుంపులో 7.4 శాతం మంది చనిపోతే అమాక్సిసిలిన్ ఇచ్చిన గుంపులో 4.8 శాతం. అంత చవకైన మందుతో అంత తేడా.

రాను పోను కబాజా ఖర్చు ఇచ్చాం. అది అందని తల్లులు మూడో వారానికి రావడం మానేయడం మాకు అలవాటైన విషయం. ఈమె ఒక్క వారం తప్పింది, కోత మొదలైన వారం. తొమ్మిదో వారంలో జబ్బ కొలత 126, వాపు లేదు, బరువు 7.9. పేరు కొట్టేశాం, అంటే కోలుకున్నట్టు రాశాం.

కోలుకున్నట్టు రాయడంతో కేసు అయిపోదు. బ్లాంటైర్ పెద్దాస్పత్రిలో 2006–07లో చేరిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని తర్వాత వెతికి చూసినప్పుడు, నయమై ఇంటికెళ్లినవాళ్లలోనూ ఏడాది లోపు చాలామంది పోయారని తేలింది, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో మరీ ఎక్కువగా. అందుకే ఆ ఆరోగ్య కార్యకర్త ఈ ఇంటిని తన జాబితాలో ఉంచుకున్నాడు. ఏడాదికి చూసినప్పుడు పాప నడుస్తోంది, మాట్లాడుతోంది. వయసుకి ఎత్తు తక్కువే. అన్నయ్య లోపంలోకి జారలేదు. తర్వాత పుట్టిన తమ్ముడికి తల్లి పాలు ఇస్తోంది.

ఎవరి డబ్బు ఎక్కడ

ఈ కేసులో చిపోండే, మలేరియా మందు పెద్ద వ్యవస్థల నుంచి వచ్చాయి. అవి లేకుండా ఏమీ జరగదు, చిన్న విరాళాలు వాటికి బదులు కావు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు, ఆ జూలైలో ఆ సాయం పంచే యూఎస్‌ఎయిడ్ సంస్థ మూతపడినప్పుడు చిపోండే సరఫరా గురించి మాకు పట్టుకున్న టెన్షన్ ఇంకా పోలేదు. ఏ బంధుమిత్రుల విరాళమూ ఆ లోటు పూడ్చలేదు.

చిన్న విరాళం చేయగలిగింది వేరే ఉంది. స్ట్రిప్పులు, రాత్రి మనిషి జీతం, తల్లికి పిండి, ఇంటికి బస్తా, పాలపొడి, సైకిల్ టాక్సీ. వీటిలో ఏదీ ఫొటోకి బాగుండదు. ఏ నెలలో ఏది నిండుకుంటుందో ముందు చెప్పలేం. అందుకే నన్ను అడిగినవాళ్లకి చెప్పేది ఒకటే. వస్తువులు వద్దు, ఆస్పత్రి ఖాతాకి నగదు పంపండి, దేనికి వాడాలో వార్డుకి వదిలేయండి, లెక్క మాత్రం తప్పకుండా అడగండి. మేం ప్రతి మూడు నెలలకి రసీదులతో సహా పంపుతాం. భారతదేశం నుంచి పంపేవాళ్లకి, విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద వీలుంది. మా ఆస్పత్రిలాంటి విదేశీ సంస్థకి పంపితే విరాళాలకిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, అది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఉబ్బిన పొట్టతో ఉన్న పిల్ల ఫొటో పంపమని కొందరు అడుగుతారు, నిధులు త్వరగా వస్తాయని. పంపను. ఆ పిల్ల రేపు బడికి వెళ్తుంది. తన ఒంటి మీద పుండ్ల ఫొటో ఎవరి ఫోన్‌లోనో తిరగడానికి పంతొమ్మిది నెలల బిడ్డ ఒప్పుకోలేదు. తల్లి ఆ సాయంత్రం దేనికైనా సరేననే స్థితిలో ఉంది. అలాంటప్పుడు తీసుకున్న అనుమతిని అనుమతిగా లెక్కపెట్టను. ఫొటో లేకుండా వచ్చే డబ్బు తక్కువే కావచ్చు. వార్డు చార్టు నకలు, పేరు చెరిపేసి, అడిగిన ప్రతి ఒక్కరికీ పంపుతున్నాను. రాత్రి రెండు గంటల గడిలో టిక్కు ఉందో లేదో అందులో ఎవరైనా చూసుకోవచ్చు.

రాత్రి పాలిచ్చే ఆ ఇద్దరి జీతానికి ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బు డిసెంబరు వరకు సరిపోతుంది. మాకు పిల్లలు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా.